నింజా గైడెన్ 3 (పీఎస్‌3 యాక్షన్ గేమ్): లండన్ లెవెల్ దాటలేకపోతున్నా, సలహా కావాలి

ప్రశ్న:
సెకండ్ హ్యాండ్ పీఎస్‌3 తీసుకుంటే దాంతోపాటు నింజా గైడెన్ 3 డిస్క్ వచ్చింది. 2008 నాటి రెండో భాగం మా బావ వాళ్ల ఎక్స్‌బాక్స్ 360లో తెగ ఆడేవాణ్ని. అదే ఊపుతో ఇది మొదలుపెట్టా. లండన్‌లో తుపాకుల వాళ్లు చుట్టుముడితే చచ్చిపోతున్నా. హెల్త్ నింపుకునే మందులు ఎక్కడా దొరకట్లేదు. గోడ ఎక్కేచోట జారి పడిపోతున్నా. దీన్ని అందరూ తిడుతున్నారు కదా, అసలు ఆడదగ్గ గేమేనా అన్నా?

జవాబు:
మందుల కోసం వెతక్కు తమ్ముడూ, ఇందులో అవి లేవు. శత్రువుల నుంచి వచ్చే రంగు గోళాలు, వాటితో కొనుక్కునే షాపు, అన్నీ తీసేశారు. ఒక గుంపును ఖాళీ చేస్తే హెల్త్ నిండుతుంది. కొట్లాట మధ్యలో నింపుకోవాలంటే నిన్‌పో (నింజా మంత్రశక్తి) ఒక్కటే దారి. అందుకే నిన్‌పో గేజ్ నిండగానే వాడెయ్యకు, హెల్త్ బాగా తగ్గేదాకా దాచుకో.

తుపాకుల వాళ్ల సంగతి. రెండో భాగంలోలాగా బ్లాక్ (దెబ్బలు కాచుకునే బటన్) పట్టుకుని నిలబడితే ఇక్కడ పని జరగదు. దూరం నుంచి రాకెట్లు పేల్చేవాళ్లను ముందు తీసెయ్. మొదట్లో నేర్పించే స్లైడ్ గుర్తుందా? జారుతూ దూసుకెళ్లడం. చాలామంది దాన్ని మర్చిపోతారు, గుంపులోంచి బయటపడటానికి అంతకంటే మంచి ఉపాయం లేదు. కొందరిని చంపాక హీరో ర్యూ కుడి చెయ్యి ఎర్రగా వెలుగుతుంది. అప్పుడు ట్రయాంగిల్ నొక్కి పట్టుకుంటే దగ్గర్లో ఉన్నవాళ్ల మీదికి తనే వరసగా దూకి నరుకుతాడు. ఆ ఎరుపును ఒంటరిగా మిగిలిన ఒక్కడి మీద ఖర్చు పెట్టకు.

గోడకి కునాయ్‌లు (చిన్న నింజా కత్తులు) గుచ్చుతూ ఎక్కేచోట మాత్రం తొందరపడకు. పైనున్న ఎడమ, కుడి బటన్లను మార్చి మార్చి, చెయ్యి గోడకు తగిలాకే తర్వాతది నొక్కాలి. టపటపా కొడితే పడిపోతావు.

మరీ కష్టమైతే హీరో మోడ్ అనే తేలిక స్థాయి పెట్టుకో. హెల్త్ తగ్గినప్పుడు బ్లాక్, తప్పించుకోవడం అదే చూసుకుంటుంది. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ఇంకొకరు:
ఏ టీవీలో ఆడుతున్నారు బ్రో? కొత్త ఎల్‌ఈడీ అయితే పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి. అది లేకపోతే నొక్కినదానికీ తెరమీద కనబడేదానికీ మధ్య తేడా వస్తుంది, ఈ గేమ్‌లో అది చంపేస్తుంది. కంట్రోలర్‌కి డేటా వెళ్లే మినీ యూఎస్‌బీ కేబులే వాడండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో పీఎస్‌3కి జత కుదరదు.

ప్రశ్న అడిగినవారు:
గేమ్ మోడ్ పెట్టాక చాలా మెరుగైంది, థాంక్స్ బ్రో. గోడ కూడా ఎక్కేశా. కానీ కత్తి ఎముకలో దిగిన ప్రతిసారీ కెమెరా దగ్గరికొచ్చి బటన్ నొక్కమంటోంది. చిరాగ్గా ఉంది. చివరిదాకా ఇంతేనా?

జవాబు:
చివరిదాకా ఇంతే. ఈ గేమ్‌కి చెడ్డపేరు తెచ్చింది ప్రధానంగా అదే. ముందు భాగాలు తీసిన ఇటగాకి 2008లో టెక్మో కంపెనీని వదిలి వెళ్లాక, 2012లో హయాషి నాయకత్వంలో టీమ్ నింజా స్టూడియో తీసిన భాగం ఇది. మనిషిని చంపడం ఎంత బరువైన పనో ఆటగాడికి తెలియాలని అనుకున్నారు. లండన్‌లో ఒక సైనికుడు ఆయుధం వదిలేసి ప్రాణభిక్ష అడుగుతాడు, అయినా నరికితే తప్ప కథ కదలదు. తను తీసిన ప్రాణాలే ర్యూ చేతికి శాపమై పట్టుకోవడం నాకు నిజంగా నచ్చిన ఆలోచన. దాన్ని వందోసారీ అదే కెమెరా, అదే బటన్‌తో చెబితే బరువు ఉండదు, విసుగే మిగులుతుంది. పైగా డిస్క్‌లో ఉన్న ప్రధాన ఆయుధాలు కత్తీ విల్లూ మాత్రమే, కాళ్లూ చేతులూ తెగిపడేదీ లేదు. రెండో భాగం ప్రేమించినవాళ్లకు కోపం రాక ఏమవుతుంది?

నీ డిస్క్ లండన్, ఆ తర్వాత అరేబియా ఎడారి దాకా ఆడి చూడు. కథ పట్టుకుంటే ఆపేసి రేజర్స్ ఎడ్జ్ వెతుక్కో. ఇదే కథ, దిద్ది తీశారు. 2012 చివర్లో నింటెండో వీ యూకి, 2013 ఏప్రిల్‌లో పీఎస్‌3, 360లకి వచ్చింది. మరిన్ని ఆయుధాలు, అప్‌గ్రేడ్లు, తెగిపడే అవయవాలు తిరిగొచ్చాయి, అయానే అనే నింజా అమ్మాయితో ఆడే భాగాలూ ఉన్నాయి. కష్టం మాత్రం ఎక్కువ. పీఎస్‌3 గేమ్ డిస్కులకు రీజియన్ లాక్ (వేరే దేశం డిస్క్ ఆడనివ్వని అడ్డు) గొడవ దాదాపు లేదు కాబట్టి ఏ దేశానిదైనా తీసుకోవచ్చు. పీఎస్‌4 ఉన్నవాళ్లు దొరికితే 2021 మాస్టర్ కలెక్షన్‌లోనూ ఉంది. అందులో పెట్టింది రేజర్స్ ఎడ్జ్‌నే, నీ దగ్గరున్న పాతదాన్ని కాదు.

ప్రశ్న అడిగినవారు:
సరే అన్నా, ఎడారి దాకా ఆడేసి రేజర్స్ ఎడ్జ్ డిస్క్ వెతుకుతా.