టీవీ చర్చల్లో కనిపించే ‘టెక్ పాలసీ నిపుణులు’ ఎవరి తరఫున మాట్లాడుతున్నారో అడగడం తప్పా?

హనుమకొండ అధ్యాపకుడు:

నేను హనుమకొండలో ఒక డిగ్రీ కళాశాలలో రాజనీతిశాస్త్రం బోధిస్తాను. ప్రతి నెలా రెండో ఆదివారం కొందరు మిత్రులం నయీంనగర్‌లో కలుసుకొని ఏదో ఒక చట్టం గురించో, తీర్పు గురించో మాట్లాడుకుంటాం. ఈసారి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని తీసుకొని, టీవీ చర్చల్లో తరచుగా కనిపించే ఒక వ్యాఖ్యాతను హైదరాబాద్ నుండి పిలవాలని అనుకున్నాం. తెర మీద ఆయన పేరు కింద ఎప్పుడూ ‘టెక్ పాలసీ నిపుణుడు’ అనే ఉంటుంది తప్ప ఏం చదివారో, ఎక్కడ పనిచేశారో, ఎవరికి సలహాలు ఇస్తారో ఎంత వెతికినా దొరకలేదు. పరిచయ వాక్యాలు రాసే పని నాకు అప్పగించారు కాబట్టి ఫోన్ చేసి, ‘సార్, ఈ చట్టంతో లాభమో నష్టమో ఉన్న సంస్థ ఏదైనా మీకు పారితోషికం ఇస్తోందా?’ అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. ఆ తర్వాత, ‘నన్ను అనుమానించే వాళ్ల సభకు నేనెందుకు రావాలి?’ అని ఫోన్ పెట్టేశారు.

మా మిత్రుల్లో సగం మంది నేను మర్యాద తప్పానని అంటున్నారు. మిగతా సగం మంది, జవాబు చెప్పలేదంటే ఎక్కడో డబ్బు ముట్టినట్టేనని తేల్చేశారు. మొదటి మాట కంటే ఈ రెండో మాటే నాకు ఎక్కువ ఇబ్బందిగా ఉంది. ఇలాంటి వ్యాఖ్యాతల అర్హతను, నిష్పాక్షికతను మీరు ఎలా బేరీజు వేస్తారు?

వరంగల్ కోర్టు న్యాయవాది:

సార్, మీరు అడిగింది సరైన ప్రశ్నే, కానీ ఒక్కరినే, అదీ ఫోన్‌లో అడిగితే నిందలాగే వినిపిస్తుంది. వచ్చే వక్తలందరికీ అదే ప్రశ్నను ఉత్తరంలో పంపితే అది ఒక పద్ధతి అవుతుంది. షేర్ల గురించి పరిశోధన నివేదికలు రాసే విశ్లేషకులు ఆ కంపెనీలో తమకు వాటా ఉందో లేదో వెల్లడించాలని షేర్ల మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2014లోనే నిబంధనలు తెచ్చింది. కోట్ల మంది సమాచారానికి సంబంధించిన చట్టం మీద రోజూ అభిప్రాయం చెప్పే వారికి మాత్రం అలాంటి నిబంధన ఏదీ లేదు కాబట్టి, సభ నిర్వహించే వారే అడగాలి.

ఇక అర్హత సంగతికి వస్తే, డిగ్రీ కంటే ముందు నేను చూసేది ఆ మనిషి చట్టాన్ని చదివాడా లేదా అన్నది. మీరు తీసుకున్న చట్టంలోనే 44(3) సెక్షన్ ఉంది. అది సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను మార్చింది. ఇదివరకు, ప్రజా కార్యకలాపాలతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నో, వెల్లడిస్తే ఒకరి గోప్యతకు అకారణంగా భంగం కలిగించే సమాచారాన్నో మాత్రమే నిరాకరించే వీలుండేది. అది కూడా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవలసి వచ్చేది. పార్లమెంటుకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న వాక్యం కూడా అక్కడ ఉండేది. సవరణతో ఆ షరతులన్నీ పోయి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు అన్నంత క్లుప్తంగా ఆ నిబంధన మిగిలింది. అయితే ప్రజాప్రయోజనం పేరిట సమాచారం ఇవ్వడానికి వీలు కల్పించే 8(2) సెక్షన్ అలాగే ఉంది. ‘సమాచార హక్కు చచ్చిపోయింది’ అని ఒకాయన, ‘8(2) ఉంది కదా, ఏమీ మారలేదు’ అని ఇంకొకాయన టీవీలో వాదిస్తుంటే, ఇద్దరూ సగం సగం చెబుతున్నారని నాకు అర్థమవుతుంది. రెండో సగం వదిలేసిన వారు పొరపాటున వదిలేశారా, కావాలనే వదిలేశారా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

కాజీపేట సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:

డబ్బు సంగతి అంత తేలికగా తేలదని చెప్పడానికి ఒక పాత ఉదాహరణ ఇస్తాను. ఆండ్రాయిడ్‌లో తమ జావా ప్రోగ్రామింగ్ భాషను వాడుకున్నారంటూ గూగుల్ మీద ఒరాకిల్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వేసిన దావా 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో విచారణకు వచ్చింది. ఆ రోజుల్లో ఆ కేసు గురించి పత్రికలు ఎక్కువగా ఉటంకించిన వారిలో ఫ్లోరియన్ ముల్లర్ అనే జర్మన్ బ్లాగరు ఒకరు. తాను ఒరాకిల్‌కు సలహాదారుగా ఉన్నానని ఆయన ఆ ఏప్రిల్‌లో తన బ్లాగులోనే రాశారు. ఆగస్టులో న్యాయమూర్తి విలియం ఆల్సప్, ఈ కేసు మీద వ్యాఖ్యానించే రచయితల్లో, బ్లాగర్లలో తాము ఎవరెవరికి డబ్బు చెల్లించారో చెప్పాలని రెండు పక్షాలనూ ఆదేశించారు. గూగుల్ ఇచ్చిన మొదటి జవాబు చాలదని మళ్లీ రాయించారు కూడా. కోర్టు అడిగేదాకా పాఠకులకు పూర్తి జాబితా అడిగే దారే లేదు. అయితే ముల్లర్ నిన్నమొన్న తయారైన మనిషి కాదు, అంతకు చాలా ఏళ్ల ముందే ఐరోపాలో సాఫ్ట్‌వేర్ పేటెంట్లకు వ్యతిరేకంగా ఉద్యమం నడిపారు. విషయం తెలిసిన వాడే డబ్బూ తీసుకోవచ్చు. డబ్బు తీసుకున్నంత మాత్రాన చెప్పిన ప్రతి మాటా అబద్ధం కాదు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. విశ్వవిద్యాలయాల పరిశోధకులకు గూగుల్ నిధులు ఇస్తోందని 2017లో ఒక అమెరికన్ సంస్థ పెద్ద నివేదిక వెలువరించింది. ఆ సంస్థకు విరాళం ఇచ్చే వారిలో ఒరాకిల్ ఉందని అప్పటికే బయటపడింది. దొంగను పట్టిస్తానని వచ్చిన వాడి జేబు కూడా వెతకవలసి వచ్చిందన్నమాట.

నేను పాటించే పద్ధతి ఒకటి చెబుతాను. టెలికాం రంగాన్ని నియంత్రించే ట్రాయ్ ఏ విషయం మీద అభిప్రాయాలు కోరినా, వచ్చిన సమాధానాలను పంపిన వారి పేర్లతో తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఒక వ్యాఖ్యాత వ్యాసం చదివిన తర్వాత, అదే విషయం మీద కంపెనీలూ, వాటి సంఘాలూ ట్రాయ్‌కి ఏం రాశాయో తీసి పక్కన పెట్టి చూస్తాను. వాదన కలవడం సహజం. వాక్యాలే కలిస్తే మాత్రం ఆగి ఆలోచిస్తాను. కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా ఇస్తామన్న ఫేస్‌బుక్ పథకం ‘ఫ్రీ బేసిక్స్’ గొడవలో లక్షల మంది పేర్లతో ట్రాయ్‌కి ఒకే రకమైన మెయిళ్లు వచ్చాయి. వాటిలో చాలావాటిలో తాను అడిగిన ప్రశ్నలకు జవాబే లేదని ట్రాయ్ ఫేస్‌బుక్‌కు రాయవలసి వచ్చింది. 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది.

మెట్‌పల్లి మీసేవ:

మీరందరూ పెద్ద చదువులు చదివినవారు, నేను ఇంటర్‌తో ఆపేశాను. కానీ అర్హత అన్న మాట మీద నాకొక అభ్యంతరం ఉంది. పీఎఫ్ పింఛను తీసుకునే బీడీ కార్మికులు బతికే ఉన్నామని వేలిముద్రతో రుజువు చేసే జీవన ప్రమాణ పత్రం కోసం ఏటా మా దగ్గరికి వస్తారు. ముప్పై నలభై ఏళ్లు ఆకు చుట్టిన వేళ్లు అవి, కొసలు నున్నగా అరిగిపోయి ఉంటాయి. మొన్న ఒక అమ్మ బొటనవేలు పెట్టింది, పడలేదు. చూపుడువేలు పెట్టింది, పడలేదు. కొంగుతో తుడుచుకొని, బయట కుళాయి దగ్గర కడుక్కొని వచ్చి పదివేళ్లూ పెట్టింది. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. ‘ఈ ఏడు బతికే ఉన్ననా బిడ్డా?’ అని నవ్వింది. అదే రోజు రాత్రి టీవీలో ఒక నిపుణుడు, వేలిముద్రలతో సమస్య ఎప్పుడో తీరిపోయిందని చెబుతున్నాడు. ఆయనకు ఏ కంపెనీ డబ్బూ ఇచ్చి ఉండకపోవచ్చు, డిగ్రీలు కూడా నిజమైనవే కావచ్చు, కానీ ఆ యంత్రం ముందు ఒక్క పూట కూడా కూర్చోలేదని నేను రాసిస్తాను.

వరంగల్ కోర్టు న్యాయవాది:

మీ మాట ఒప్పుకుంటాను, ఒక్క సవరణతో. యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో మీకు తెలిసినంతగా నాకు తెలియదు. అలా మొరాయిస్తే చట్టం ప్రకారం ఆ అమ్మకు ఉన్న దారి ఏమిటన్నది మాత్రం వేరే వారు చెప్పాలి. ‘నిపుణుడు’ అనే ఒకే మాట కింద ఈ రెండు పనులనూ కలిపేయడంతోనే చిక్కు వస్తోంది.

హనుమకొండ అధ్యాపకుడు:

మీ అందరి సలహా ప్రకారం, ఆయనకూ, మేము పిలవాలనుకున్న మరో వక్తకూ ఒకే ఉత్తరం పంపాము. రెండో వక్త వెంటనే వివరాలు పంపారు. ఫోన్ పెట్టేసిన పెద్దమనిషి కూడా నాలుగు రోజులకు జవాబు రాశారు. ఆన్‌లైన్ వ్యాపార సంస్థల సంఘం ఒకదానికి నిరుటి వరకు సలహాదారుగా ఉన్నారట, ఇప్పుడు లేరట. ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేదే కాదు. ఆయన వస్తున్నారు. ఆహ్వాన పత్రంలో ఇద్దరి పేర్ల కిందా ‘నిపుణుడు’ తీసేసి, చేసిన పనులూ సలహాలు ఇచ్చిన సంస్థల వివరాలూ రాశాం. మెట్‌పల్లి తమ్ముడు వచ్చి పది నిమిషాలు మాట్లాడితే బాగుంటుందని మా వాళ్లందరి కోరిక. నీ పేరు కింద ఏం రాయమంటావు?

మెట్‌పల్లి మీసేవ:

తప్పకుండా వస్తాను సార్. ‘మీసేవ నిర్వాహకుడు, మెట్‌పల్లి’ అని రాయండి. వేలిముద్ర పడి పని పూర్తయితేనే నాకు డబ్బులు వస్తాయని కూడా కింద రాయండి.