లంబసింగి: చెరువులవేనం, వంజంగి ఒకే పొద్దున కుదురుతాయా?

ప్రశ్న: డిసెంబరు ఆఖర్లో నలుగురం వస్తున్నాం. నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో దిగి కారు మాట్లాడుకుంటే చాలా? మబ్బులు చూసే కొండలు చెరువులవేనం, వంజంగి రెండూ ఒకే ఉదయం చూసేయొచ్చా?

ఘాట్‌రోడ్: స్టేషన్ పేరు చూసి మోసపోకండి. అక్కణ్ణుంచి నర్సీపట్నం ఊరు పాతిక కిలోమీటర్లకు అటూఇటూ ఉంటుంది. అనకాపల్లిలోనో తునిలోనో దిగితే బండ్లు తేలిగ్గా దొరుకుతాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కి.మీ., ఘాట్ ఎక్కాలి. ట్యాంకు కిందే నింపించుకోండి. పొగమంచులో హైబీమ్ వేస్తే వెలుతురంతా తిరిగి మన కళ్లలోనే కొడుతుంది, ఎదర తెల్లగోడే. లోబీమ్‌లోనే నడపాలి. దిగేటప్పుడు రెండో గేరు. బ్రేకు తొక్కిపట్టి దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు సడలుతుంది.

మన్యంమంచు: రెండూ ఒకే పొద్దున అంటే కుదరని పని. వంజంగి పాడేరు పక్కన ఉంది. లంబసింగి నుంచి చింతపల్లి, జి.మాడుగుల మీదుగా రెండు గంటలైనా పడుతుంది. దానికి ముందురోజు రాత్రి పాడేరులోనే పడుకోవాలి.

లంబసింగి దగ్గరే ఉన్న చెరువులవేనానికైతే ఐదింటికల్లా కొండ కింద ఉండండి. ఆ రోజుల్లో పొద్దు పొడిచేది దాదాపు ఆరున్నరకి. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే చల్లగాలి లోయలోకి జారి నిలుస్తుంది, మబ్బు మన కాళ్ల కింద పరుచుకుంటుంది. గాలి వీచినా, ముందురోజు మబ్బు పట్టి ఉన్నా ఆశ పెట్టుకోవద్దు. ఎండెక్కాక ఆ మబ్బే పైకి లేచి మనల్నే కమ్మేస్తుంది, ఇక ఫోటోలేం ఉండవు. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన ఆగగానే వణుకు మొదలు. స్వెట్టరు సంచిలో పెట్టుకుని పైకెళ్లాక తొడుక్కోండి. చెప్పులతో వద్దు, మంచుకి తడిసిన రాయి జారుతుంది.

తాజంగి: దిగొచ్చాక తాజంగి రిజర్వాయరు దగ్గరే. తర్వాత చింతపల్లి. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం దాడి చేసిన పోలీస్ స్టేషన్ ఉన్న ఊరు అదే. మధ్యాహ్నానికి కొత్తపల్లి జలపాతం పెట్టుకోండి. నాచు పట్టిన బండల మీదికి మాత్రం పోవద్దు. పేపర్లో వచ్చే చలి లెక్కలు ఎక్కువగా చింతపల్లి వ్యవసాయ పరిశోధనా కేంద్రంవి, రగ్గులు దాన్ని బట్టి సర్దుకోండి. ఇంకోటి, చెరువులవేనం జనం కాపురాలుండే ఊరు. ఇళ్ల ముందు హారన్లు, పాటలు వద్దు, సీసాలు వెనక్కి తెచ్చుకోండి.

ఘాట్‌రోడ్: శని, ఆదివారాలు తప్పించగలిగితే ఇంకా మంచిది. వారాంతంలో లంబసింగి జంక్షన్‌లో తెల్లవారుజామునే బండ్లు బిగుసుకుపోతాయి.