అరీతా ఫ్రాంక్లిన్: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను ఇళయరాజా, బాలు పాటలతో పెరిగినవాణ్ణి. మొన్న అమెరికన్ గాయని అరీతా పాడిన 'రెస్పెక్ట్' పాట వింటే మతిపోయింది. 1960లోనే కొలంబియా రికార్డుల కంపెనీలో చేరిన మనిషికి 1967 దాకా ఇంత పేరు ఎందుకు రాలేదు? తర్వాత ఏం వినమంటారు?

జవాబు 1: గొంతులో లోటేం లేదండీ. కొలంబియావాళ్లు వెనక వయొలిన్లు పెట్టి, జాజ్ పాటలు, పాత పాటలు ఎక్కువగా పాడించారు. అట్లాంటిక్ అనే మరో రికార్డుల కంపెనీకి మారాక, అక్కడి నిర్మాత జెర్రీ వెక్స్లర్ ఆమెను అలబామాలోని ఫేమ్ స్టూడియోకి తీసుకెళ్లి, పియానో ముందు కూర్చోబెట్టాడు. అక్కడ పుట్టిందే 'ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్' పాట. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి: మొదట ఆ స్టూడియో వాద్యకారుడు స్పూనర్ ఓల్డ్‌హామ్ వాయించిన ఎలక్ట్రిక్ పియానో ఆగి ఆగి నడుస్తుంది, దానిమీద ఆమె గొంతు తీరిగ్గా వచ్చి కూర్చుంటుంది. ఆ రోజే అక్కడ గొడవై రికార్డింగ్ ఆగిపోయింది. ఫేమ్ వాద్యకారుల్నే న్యూయార్క్‌కి రప్పించి ఆల్బమ్ పూర్తిచేశారు. (ఇలాంటి గొడవలు మన రికార్డింగ్ థియేటర్లకీ కొత్తేం కాదు లెండి!)

జవాబు 2: 'రెస్పెక్ట్' అసలు ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు 1965లో పాడింది. అందులో మగాడు మర్యాద ఇమ్మని అడుగుతాడు, అరీతా పాటలో ఆడమనిషి నిలదీస్తుంది. 'ఆర్-ఇ-ఎస్-పి-ఇ-సి-టి' అని అక్షరం అక్షరం విడగొట్టి పాడేది ఓటిస్ పాటలో లేదు. వెనక వంత పాడింది అరీతా చెల్లెలు, అక్క.

జవాబు 3: హిట్లు పక్కనపెట్టి 1972లో వచ్చిన భక్తి పాటల ఆల్బమ్ 'అమేజింగ్ గ్రేస్' వినండి సార్. లాస్ ఏంజిలస్ చర్చిలో జనం మధ్య రికార్డు చేశారు. పాస్టర్ కూతురు కదా, చర్చి అంటే ఆమెకు సొంతిల్లులాంటిది. నా ఓటు ఆ ఆల్బమ్‌కే.