అప్‌డేట్: కిందికి తిప్పితే పైకి ఎగిరే మౌస్, విప్పి చూసిన

మూడు నెలల కింద ఈ మౌస్ సంగతి ఇక్కడ అడిగిన కదా. మిర్యాలగూడలో మాది జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు. మౌస్ చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి ఎగురుతుండె. ఊదితే రెండు రోజులు మంచిగుండి, మళ్లీ అదే కథ. "కొత్తది కొనుక్కో అన్నా" అని సగం మంది అన్నరు. కొన్న. నెలన్నరకు అదీ అంతే!

సంక్రాంతి సెలవులల్ల రెండూ విప్పిన. స్క్రూ బయటికి కనపడదు, అడుగున నల్ల జారుడు పట్టీ కింద దాక్కుంటది. లోపల ఇరుసుకు వెంట్రుకలు, నూలు పోగులు చుట్టుకొని, వాటి మీద తవుడు లాంటి సన్న దుమ్ము. షాపు వెనకనే రైస్ మిల్లు మరి.

కొత్తదాంట్ల చక్రం పక్కన చిన్న ఎన్‌కోడర్ డబ్బా ఉంది, చక్రం ఎటు, ఎంత తిరిగిందో లెక్కబెట్టేది అదే. దాని లోపలి రేకులకు మురికి పడితే లెక్క తప్పుతది. బ్యాటరీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (మురికి కడిగి తొందరగ ఆరిపోయే స్పిరిటు) రెండు చుక్కలు ఆ డబ్బాల వేసి, చక్రం ఇటూ అటూ ఓ 50 సార్లు తిప్పి, గంటసేపు ఆరబెట్టిన. పాతదాంట్ల రేకులు లేవు. గాడులున్న చక్రం, ఒక పక్క లైటు, ఇంకో పక్క సెన్సర్. దానికి పొడి బ్రష్షే సరిపోయింది.

కొబ్బరినూనె వేయమన్న తమ్ముడూ, వేయలే. నూనెకు దుమ్ము ఇంకా పడుతది.

20 రోజులైంది, రెండూ సక్కగ నడుస్తున్నయి. పట్టీ మాత్రం మళ్లీ సరిగ అంటలే, డబుల్ టేపుతో ఆపిన. రాత్రి షాపు మూసేటప్పుడు మౌస్ మీద పాత తువ్వాల కప్పుతున్న.