బెంగాలీ ‘ఒభిమాన్’కి తెలుగులో ఏ మాట వాడాలి?

బెంగాలీ కథలు అనువదించేవాళ్ల సలహా కావాలి. సంస్కృతం నుంచి వచ్చిన ‘అభిమానం’ మనకు ఇష్టం, ఆత్మగౌరవం, హిందీలో గర్వం. బెంగాలీ ‘ఒభిమాన్’ మాత్రం సొంతవాళ్లే పట్టించుకోలేదన్న నొప్పి, అడక్కుండానే వాళ్లకు తెలియాలన్న ఆశ. పరాయివాళ్ల మీద కలగదు. ఒకే పదం కదా అని అలాగే ఉంచితే అర్థం తిరగబడుతుంది: భర్త మీద ఒభిమాన్‌తో అన్నం మానేసిన మనిషి తెలుగులో ప్రేమతో మానేసినట్టవుతుంది.

‘అలక’ దగ్గరిదే, కానీ అది బయటికి కనబడాలి, ఎవరో ఒకరు తీర్చాలి. ఒభిమాన్ ఏళ్ల తరబడి లోపలే ఉండిపోగలదు. ‘నిష్ఠూరం’ మాటల్లో బయటపడుతుంది. ‘నొచ్చుకోవడం’లో ఆ చనువు లేదు. ‘చిన్నబుచ్చుకోవడం’ కొంత నయం, కానీ అరవై ఏళ్ల తల్లి మౌనానికి మరీ తేలిక. అక్కడ ఒదిగే మాట, మీ ఊరి వాడుకలోదైనా సరే, ఒక వాక్యంలో పెట్టి చెప్పగలరా?