సెయింట్ ఆండ్రూస్ వెళ్తున్నాం, ఆ గోల్ఫ్ కోర్సు కథేంటో కాస్త చెప్తారా?

బెంజ్‌సర్కిల్_బాబాయ్ (విజయవాడ):

అందరికీ నమస్తే. మా అబ్బాయి స్కాట్లాండ్‌లో డండీలో ఎంఎస్ చేశాడు, వచ్చే నెల కాన్వొకేషన్. నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. అక్కణ్ణుంచి బస్సులో అరగంట పోతే సెయింట్ ఆండ్రూస్ అట, "అంత దూరం వచ్చి అది చూడకుండా ఎలా పోతారు నాన్నా" అని వాడు ఒకటే పోరు. గోల్ఫ్‌లో నాకు తెలిసింది తక్కువ. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానంతో ఆగిపోయిన రోజు తెల్లారకుండానే కాఫీ గ్లాసు పట్టుకుని టీవీ ముందు కూర్చున్నాను, అదే మొదలు. తర్వాత 2022లో మెడ మీదకి జుట్టు వేలాడేసుకున్న ఆస్ట్రేలియా కుర్రాడు గెలిచాడు చూడండి, ఆ ఓపెన్ (బ్రిటిష్ ఓపెన్, గోల్ఫ్‌లో పెద్ద పోటీల్లో ఒకటి) చివర్లో ఓ గంట చూశాను, అదీ ఈ కోర్సులోనే అని ఇప్పుడు తెలిసింది.

అసలు అక్కడ ఇన్నిసార్లు ఓపెన్ ఎందుకు పెడతారు? వెళ్తే ఎక్కడ నిలబడి ఏం చూడాలి? ఇంకోటి, ఆట రాని మనలాంటి వాళ్లని లోపలికి రానిస్తారా? ఓసారి వేరే ఊళ్లో ఒక క్లబ్బుకి చెప్పులేసుకుని వెళ్లానని గేటు బయటే నిలబెట్టారు, ఆ మంట ఇంకా చల్లారలేదు.

వన్‌టౌన్_మాస్టారు:

బాబాయ్ గారూ, మిమ్మల్ని ఆపడానికి అక్కడ గేటు ఉంటే కదా. మీరడిగిన కోర్సు పేరు ఓల్డ్ కోర్స్, అది ఏ క్లబ్బు సొంతమూ కాదు, ఊరి ఉమ్మడి స్థలం. మొదటి హోలుకీ చివరి హోలుకీ (హోల్ అంటే మొదటి దెబ్బ నుంచి బంతి గుంటలో పడేదాకా ఉండే ఒక్కో భాగం) అడ్డంగా మామూలు రోడ్డే పోతుంది, జనం నడుస్తూనే ఉంటారు. ఆదివారం ఆట బంద్, ఓపెన్ లాంటి పెద్ద పోటీలుంటే తప్ప. ఆ రోజు ఊరివాళ్లు కుక్కల్ని తిప్పుకుంటారు, పిల్లలు ఫెయిర్‌వే (ఆట సాగే పొట్టి గడ్డి దారి) మీద పరిగెడతారు. మన ఇందిరాగాంధీ స్టేడియంలో పొద్దున వాకింగ్ చేసే పెద్దాయన్ని ఊహించుకోండి, అలాగే. తేడా ఏంటంటే మనకి 2002లో వెస్టిండీస్‌తో ఒక్క వన్డే జరిగితే ఇరవై ఏళ్లుగా అదే చెప్పుకుంటున్నాం, వాళ్లకి ఓపెన్ 30 సార్లు జరిగింది. 2027లో మళ్లీ అక్కడే.

అయితే ఓపెన్ పుట్టింది అక్కడ కాదు, చాలామంది పొరబడతారు. 1860లో ప్రెస్ట్‌విక్‌లో మొదలైంది, మొదటి పన్నెండూ అక్కడే. సెయింట్ ఆండ్రూస్ వంతు 1873లో వచ్చింది. ఒకే రోజు 36 హోల్స్, వర్షానికి కోర్సంతా నీళ్లు, ఆ ఊరివాడే టామ్ కిడ్ 179 దెబ్బల్లో ముగించి గెలిచాడు (గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడిదే గెలుపు). ఇప్పుడు విజేతకి ఇచ్చే క్లారెట్ జగ్ అనే కప్పు మొదట చేతికందుకున్నది అతనే. మీరు చూసిన జుట్టు కుర్రాడు కామెరాన్ స్మిత్ మొదటి 36 హోల్స్‌కి కొట్టింది 131. బంతులూ కర్రలూ అన్నీ మారాయి కాబట్టి పోల్చకూడదనుకోండి, ఊరికే చెప్తున్నా.

గోల్ఫ్ కోర్సుకి 18 హోల్స్ అన్న లెక్క కూడా అక్కడిదే, 1764లో 22 ఉన్నవాటిని కొన్ని కలిపి 18 చేశారు.

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు):

మాస్టారు చరిత్ర చెప్పారు, ఎక్కడ నిలబడాలో నేను చెప్తా. పదిహేడో హోల్ గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కోసిన గడ్డి) పక్కన, గోడ దగ్గర. దాన్ని రోడ్ హోల్ అంటారు, గ్రీన్ వెనకే తారు రోడ్డు, రోడ్డవతల రాతి గోడ. ముందు ఎడం పక్క ఒక లోతు బంకర్, అంటే ఇసక గొయ్యి. 1978లో జపాన్ ఆటగాడు నకజిమా రెండు షాట్లకే గ్రీన్ ఎక్కాడు, ఆ రౌండ్ దాకా పోటీలో ఉన్నవాడే, పుట్ చేస్తే (గుంట వైపు నేల మీద దొర్లిస్తే) బంతి వాలు పట్టుకుని మెల్లగా దొర్లుకుంటూ పోయి ఆ గొయ్యిలో పడింది. బయటికి తీయడానికి నాలుగు దెబ్బలు, మొత్తం ఆ హోల్‌కి 9. 1984లో టామ్ వాట్సన్ ఆరోసారి ఓపెన్ గెలవాలని వచ్చి ఇక్కడే రెండో షాట్ గోడ దాకా కొట్టుకున్నాడు, అదే సమయానికి ముందు గ్రూపులో స్పెయిన్ ఆటగాడు బాలెస్టరోస్ పద్దెనిమిదిలో బర్డీ (ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బలకన్నా ఒకటి తక్కువ) వేసి పిడికిలి ఊపుతున్నాడు. కథ అయిపోయింది.

ఆ తర్వాత పద్దెనిమిదో గ్రీన్‌కి నడవండి. 1970లో డగ్ శాండర్స్‌కి ఓపెన్ గెలవడానికి మూడడుగులు కూడా లేని పుట్ మిగిలింది. బంతి ముందు నిలబడ్డాడు, దారిలో ఏదో రాయి ముక్క ఉందనిపించి వంగాడు, చూస్తే ఎండిన గడ్డి. అలాంటప్పుడు వెనక్కి వచ్చి మళ్లీ మొదట్నుంచి నిలబడాలి. ఆయన నిలబడలేదు, అలాగే కొట్టేశాడు, బంతి కుడి పక్కనించి పోయింది. దాంతో జాక్ నిక్లాస్‌తో సమానమయ్యాడు. మర్నాడు విజేతని తేల్చడానికి 18 హోల్స్ ప్లేఆఫ్, నిక్లాస్ 72, శాండర్స్ 73. నిక్లాస్ సంతోషం పట్టలేక పుట్టర్ గాల్లోకి విసిరేశాడు. నేను ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ శాండర్స్ వెనక్కి వస్తాడేమో అనిపిస్తుంది.

టైగర్ వుడ్స్ 2000లో 8 షాట్ల తేడాతో గెలవడం గొప్పే, నాలుగు రోజుల్లో ఒక్క బంకర్లోనూ పడలేదు. కానీ చివరి రోజు టెన్షన్ లేని మ్యాచ్ నాకెందుకో ఎక్కదు.

లబ్బీపేట_కోడలు:

టెన్షన్ లేదని 2000ని పక్కన పెట్టడం అన్యాయం అండి. ఆ కోర్సులో 112 బంకర్లు, కొన్ని టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గర్నుంచి కనపడనే కనపడవు, వాటిలో ఒక్కదాంట్లో కూడా పడకుండా 72 హోల్స్ ఆడటం ఎంత కష్టమో మీకు తెలుసు. 1995లో నిక్లాస్ అంతటివాడే పద్నాలుగో హోల్‌లో హెల్ బంకర్లో ఇరుక్కుని 10 కొట్టాడు.

ఇంకోటి, అందరూ మగవాళ్ల ఓపెన్ గురించే మాట్లాడుతున్నారు. ఆడవాళ్ల బ్రిటిష్ ఓపెన్ కూడా అక్కడ మూడుసార్లు జరిగింది, 2007లో లొరెనా ఒచోవా, 2013లో స్టేసీ లూయిస్, 2024లో లిడియా కో. అదితిని చూసి గోల్ఫ్ మొదలెట్టిన బాబాయ్ గారికి ఇది చెప్పకపోతే ఎలా? మొదటి టీ వెనక కనపడే పెద్ద రాతి భవనంలోని క్లబ్బు ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోవడానికి 2014లో ఓటేసింది. కోర్సు అందరిదీ, భవనం మాత్రం కాదు. అందులోకి వెళ్లాలని చూడకండి, మళ్లీ చెప్పుల గొడవ అవుతుంది :)

కృష్ణలంక_కుర్రాడు:

మాస్టారు ఓపెన్ 30 సార్లు అన్నారు కదా, దానికో చిన్న మాట. ఒకే కోర్సులో ఎక్కువ మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికన్నా పెద్ద పోటీలు) అంటే అమెరికాలో అగస్టా, 1934 నుంచీ మాస్టర్స్ అక్కడే. కాకపోతే అది ప్రైవేటు.

వన్‌టౌన్_మాస్టారు:

నిజమే తమ్ముడూ, నేను ఓపెన్ లెక్కే చెప్పాను. ఒకటి మర్చిపోయా, క్రికెట్ పిచ్చోళ్లున్న ఊరు కదా మనది. 1921లో అక్కడి ఓపెన్‌లో రోజర్ వెదర్‌డ్ అనే అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాడు) వెనక్కి అడుగేస్తూ తన బంతినే తొక్కాడు, ఒక షాట్ పెనాల్టీ. సరిగ్గా ఆ ఒక్క షాట్ వల్లే టై అయింది. మర్నాడు క్రికెట్ మ్యాచ్ ఉందని ప్లేఆఫ్ ఆడనన్నాడట, బతిమాలితే ఆగాడు, 9 షాట్ల తేడాతో ఓడిపోయాడు. అదే ఏడాది పంతొమ్మిదేళ్ల అమెరికా ఆటగాడు బాబీ జోన్స్ పదకొండో హోల్ బంకర్లో చిరాకెత్తి ఆట మధ్యలో వదిలేశాడు. ఆరేళ్ల తర్వాత అక్కడే ఓపెన్ గెలిచాడు, 1958లో ఆ ఊరు పిలిచి పౌరసత్వ గౌరవం ఇచ్చింది.

బెంజ్‌సర్కిల్_బాబాయ్:

అందరికీ థాంక్స్. ఆదివారానికే ప్లాన్ వేస్తున్నాం. ఆటగాళ్లు నిలబడి చెయ్యి ఊపే వంతెన ఉంది కదా, 2005లో నిక్లాస్ వీడ్కోలు ఫొటోలో ఉన్నది, దాని మీద పట్టుచీరలో ఫొటో దిగాలని మా ఆవిడ పట్టు. దిగనిస్తారా?

బ్రాడీపేట_నాలుగోలైను (గుంటూరు):

దిగనిస్తారండి, కాకపోతే క్యూ ఉంటుంది. స్విల్కన్ బ్రిడ్జి అంటారు. ఏలూరు కాలవ మీద వంతెనలా ఊహించుకుని వెళ్లకండి, పది అంగల్లో అయిపోతుంది, కింద పారేది కూడా పంట బోదె అంతే. 2023లో దాని ముందు గడ్డి పోతోందని కొత్తగా రాళ్లు పరిస్తే జనం గోల గోల చేశారు, కొన్ని రోజుల్లోనే పీకేశారు. పక్కనే సముద్రం కాబట్టి గాలి మామూలుగా ఉండదు, అక్కయ్య గారి పట్టుచీర మీదకి మంచి స్వెట్టర్ ఒకటి పెట్టుకోండి. ఫొటో ఇక్కడ పెట్టడం మర్చిపోవద్దు.