ఎముక గడ్డకు బయాప్సీ (ముక్క తీసి పరీక్షించడం) చిత్తూరులోనే చేయాలా, ఆపరేషన్ చేసే చోటికి పంపాలా?

చిత్తూరు_ఆర్థో:
పదిహేనేళ్ల పిల్లాడు. మోకాలికి కాస్త పైన వాపు, రెండు నెలలుగా నొప్పి, రాత్రిపూట మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో తొడ ఎముక కింది భాగం కొరికేసినట్టుంది, పైపొర లేచి ఒక మూల త్రికోణంలా కనబడుతోంది. ఆస్టియోసార్కోమా (ఎముకలో పుట్టే క్యాన్సర్) అనుమానం ఎవరికైనా వస్తుంది. చర్చ దాని తర్వాతి అడుగు గురించి. సూది మనం వేయాలా, వేయకుండా పంపాలా?

మనమే వేయాలన్నది నా మాట. సీ-ఆర్మ్ (ఆపరేషన్ గదిలోని ఎక్స్‌రే యంత్రం) ఉంది, ఎముక ముక్క తీసే 11 గేజ్ జంషీడీ సూది ఉంది, అరగంట పని. రిపోర్టు చేతికొస్తే ఆరోగ్యశ్రీ (ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ) అనుమతి కదులుతుంది. రిపోర్టు లేకుండా పంపితే ఇంట్లోవాళ్లు ఆ దారిలోనే పుత్తూరు కట్టుకు తిరిగిపోతారు. కట్టు విప్పేలోపు నెల గడుస్తుంది, పిల్లాడు మళ్లీ కనబడేసరికి ఊపిరితిత్తుల్లో మచ్చలుంటాయి. కాగితం మీద జబ్బు పేరు రాసి ఉంటేనే వాళ్లు కదులుతారు. "పంపేయండి" అనేవాళ్లు ఇలా మధ్యలో జారిపోయేవాళ్లకు కూడా ఒక జవాబు చెప్పాలి.

తిరుపతి_ట్యూమర్_సర్జన్:
జారిపోతారన్న బాధ నిజమే సార్. కానీ సూది వెయ్యడం అరగంట పని అయినా, ఎక్కడ వేశామన్నది ఆ కాలు ఉంటుందా పోతుందా అన్నదాన్ని నిర్ణయిస్తుంది. సూది వెళ్లిన దారంతా ట్యూమర్ కణాలు అంటుకున్నట్టే లెక్క. తర్వాత ఆపరేషన్‌లో ఆ దారిని చర్మంతో సహా గడ్డతో కలిపి ఒకే ముక్కగా తీసేయాలి. అంటే సూది గుచ్చిన చోటు రేపటి కోత గీత మీదే పడాలి.

మీరు చెప్పిన చోటే తీసుకోండి. మోకాలి చిప్ప పైనుంచి నేరుగా గుచ్చితే సూది కీలుసంచి పై మడతలోంచి పోతుంది. మోకాలి కీలు మొత్తం కలుషితమైనట్టే, ఇక కీలు తెరవకుండా మొత్తంగా తీయాల్సి వస్తుంది. పక్కనుంచి, కండ గుండా పోవాలి, రెండు కండల మధ్య సందులోంచి కాదు. సందులో పోతే రక్తం ఆ పొర వెంట పైకీ కిందికీ పాకుతుంది. భుజం ఎముకకైతే డెల్టాయిడ్ ముందు భాగం గుండా వెళ్లాలి, చేయి అలవాటుగా పోయే డెల్టో-పెక్టోరల్ సందు (భుజం కండకూ ఛాతీ కండకూ మధ్యది) వద్దు. కోసి తీసే బయాప్సీ అయితే కోత నిలువుగానే. అడ్డకోత పెడితే దాన్ని కలిపి తీయడానికి చర్మం చాలదు. డ్రెయిన్ పెడితే అది కూడా కోత గీతలోనే, అంచుకు దగ్గరగా బయటికి రావాలి. రబ్బరు పట్టీ చుట్టి కాల్లో రక్తాన్ని పైకి పిండకూడదు. టోర్నికే (రక్తం ఆపే బిగింపు పట్టీ) కావాలంటే కాలు ఎత్తి పట్టుకుని పెట్టండి, మూసేముందు వదిలి రక్తం ఆగిందో లేదో చూడండి.

అమెరికాలో మాన్కిన్ అనే ఎముక సర్జన్ బృందం 1982లో ఒకసారి, 1996లో మరోసారి బయాప్సీ తప్పుల లెక్కలు తీసింది. రెండోసారి చూసిన 597 మందిలో 18 మందికి బయాప్సీ తప్పిదాల వల్లే అవసరం లేని యాంప్యుటేషన్ జరిగింది. చికిత్స చేసే కేంద్రంలో కాక, పంపిన ఆస్పత్రిలోనే చేసినప్పుడు తప్పులు, చిక్కులు 2 నుంచి 12 రెట్లు ఎక్కువ. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

చిత్తూరు_ఆర్థో:
ఆ లెక్కలు ఎక్కువగా కోసి తీసిన బయాప్సీల కాలం నాటివి. ఇప్పుడు పుల్లలాంటి ముక్క తీసే సన్నని కోర్ సూదితో పోతున్నాం, కలుషితం తక్కువ. అడ్డకోతల మాట ఇక్కడ వర్తించదు.

తిరుపతి_ట్యూమర్_సర్జన్:
కలుషితం తక్కువే, ఒప్పుకుంటాను. కీలులోంచి పోయిన సూది మాత్రం ఎంత సన్నదైనా కీలులోంచి పోయినట్టే.

రేడియాలజీ_గది:
మీరిద్దరూ సూది దగ్గరే ఆగిపోయారు. ఎంఆర్‌ఐ తీశారా అని ఎవరూ అడగలేదు. బయాప్సీకి ముందే తీయాలి. తర్వాత తీస్తే రక్తం, నీరు చేరి గడ్డ అంచు ఎక్కడో తెలియదు. ఎక్కువగా జరిగే పొరపాటు ఇంకొకటుంది: మోకాలి ప్రోటోకాల్ పెట్టి పంపేస్తారు. తొడ ఎముక మొత్తం, తుంటి నుంచి మోకాలి కీలు దాకా, కనీసం ఒక్క నిలువు సీక్వెన్స్‌లో రావాలి. అదే ఎముకలో పైన విడిగా ఇంకో చిన్న మచ్చ ఉంటే, అది తెలియక కోసిన కోత ట్యూమర్‌లోంచే పోతుంది.

ఎక్స్‌రేను తక్కువ చూడొద్దు. ఏ ఎముక, దాని ఏ భాగం, రోగి వయసు, అంచు ఎలా ఉంది, ఈ నాలుగూ చూస్తే సగం జవాబు వచ్చేస్తుంది. 10–20 ఏళ్లలో మోకాలి చుట్టూ, ఎముక చివరికి కాస్త ఇవతల, మబ్బులాంటి కొత్త ఎముకతో ఉంటే ఆస్టియోసార్కోమా. అదే వయసులో ఎముక నడిమధ్యన, ఉల్లిపొరల్లా ఉంటే యూయింగ్ సార్కోమా, ఇంకో రకం ఎముక క్యాన్సర్. 20–40 మధ్య, ఎదుగుదల ఆగిన ఎముక చివర, కీలు అంచుదాకా ఉంటే జెయింట్ సెల్ ట్యూమర్. ఈ అనుమానం ఉంటే సూదికి ముందే కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ చూడండి, ఆ గ్రంథి జబ్బుతో వచ్చే బ్రౌన్ ట్యూమర్ మైక్రోస్కోపు కింద కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అంచు సన్నని తెల్లగీతలా స్పష్టంగా ఉంటే నెమ్మదిగా పెరిగేది. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో వేలుపెట్టి చూపలేకపోతే భయపడాలి.

ఇంకో మనవి. ఫిల్మ్‌ను కిటికీకి ఆనించి ఫోన్లో తీసిన ఫోటో మీద అభిప్రాయం అడగకండి. సీడీ పంపండి.

పీలేరు_ఎంఓ:
సార్, మా ఓపీలో పదిహేనేళ్లవాళ్లు అరుదు. అరవై దాటి, నడుము నొప్పి, తుంటి నొప్పి అంటూ వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లకూ ఇదే రూలా? అదీగాక ఎక్స్‌రే బాగుందని రాసి పంపినవాళ్లలో తర్వాత క్యాన్సర్ బయటపడుతోంది.

రేడియాలజీ_గది:
ఎముకలో ఖనిజం 30 నుంచి 50 శాతం పోయాకే ఎక్స్‌రేలో కనబడుతుంది మేడం. అందుకే ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన వదిలేయలేం. పడుకున్నా తగ్గని నొప్పి, బరువు తగ్గడం, పాత క్యాన్సర్ చరిత్ర, వీటిలో ఏది ఉన్నా ఎంఆర్‌ఐకే పంపండి. వెన్నులో మన దగ్గర మొదట టీబీ గుర్తొస్తుంది, రావాలి కూడా. టీబీలో సాధారణంగా రెండు పూసల మధ్య డిస్క్ దెబ్బతింటుంది. పాకిన క్యాన్సర్‌లో డిస్క్ చాలావరకు నిలిచి, పూస వెనక పెడికిల్ (పూసను వెనక భాగంతో కలిపే చిన్న ఎముక) పోతుంది. ఎదురు ఎక్స్‌రేలో ఆ పూసకు ఒక కన్ను లేనట్టు కనబడుతుంది. ఇవి దారి చూపేవే. టీబీ మందులు మొదలుపెట్టేంత ఆధారం మాత్రం కావు.

చిత్తూరు_ఆర్థో:
40 దాటినవాళ్ల విషయంలో నా వాదన ఇంకా గట్టిది. వాళ్ల ఎముకలో కనబడే చెడ్డ మచ్చల్లో ఎక్కువ వేరేచోటి నుంచి పాకినవి, లేదా మైలోమా (మజ్జలో పుట్టే క్యాన్సర్). రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తి, కిడ్నీ, థైరాయిడ్, ఈ అయిదే ముఖ్యం. రొమ్ము, మెడ, పొట్ట చేత్తో చూడటం, మలద్వారంలోంచి ప్రోస్టేట్ పరీక్ష, పీఎస్‌ఏ (ప్రోస్టేట్‌కు రక్త పరీక్ష), సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (మైలోమాకు రక్త పరీక్ష), ఛాతీ-పొట్ట-కటి సీటీ, బోన్ స్కాన్. ఇవి వరసగా చేస్తే మొదటి గడ్డ ఎక్కడుందో చాలామందిలో సూది లేకుండానే తెలుస్తుంది. ఇవన్నీ తిరుపతి, చిత్తూరులో అయ్యేవే. వీళ్లనూ పంపేయాలంటే అర్థం లేదు.

తిరుపతి_ట్యూమర్_సర్జన్:
ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఒక్క చోట తప్ప, ఆ ఒక్కటే ప్రాణాంతకం. 62 ఏళ్ల మనిషి, తొడ ఎముకలో ఒకే ఒక్క మచ్చ, మిగతా స్కాన్లన్నీ శుభ్రం. "మెటాస్టాసిసే (వేరేచోటి నుంచి పాకినదే) అయ్యుంటుంది" అని నెయిల్, అంటే ఎముక లోపలికి రాడ్, వేసేస్తారు. అది కాండ్రోసార్కోమా (మృదులాస్థి క్యాన్సర్) అయితే, రాడ్ కోసం ఎముకను లోపల తొలిచే రీమర్ ఆ కణాలను తుంటి నుంచి మోకాలి దాకా తోసేసింది. తీయగలిగే గడ్డ కాస్తా కాలు మొత్తం తీసేసే గడ్డ అవుతుంది. ఆ జబ్బుకు కీమో, రేడియేషన్ పెద్దగా పనిచేయవు కూడా. పాత రొమ్ము క్యాన్సర్ ఉన్నా సరే, మొదటిసారి కనబడ్డ ఒంటరి మచ్చకు బయాప్సీ లేకుండా రాడ్ వద్దు. నెయిల్ వేస్తూ రీమింగ్ పొడిని పాథాలజీకి పంపడం బయాప్సీ కిందికి రాదు, అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది.

కిడ్నీ, థైరాయిడ్ నుంచి పాకినవి విపరీతంగా రక్తం కారతాయి. ఆపరేషన్‌కు ముందు ఆ రక్తనాళాలను ఎంబొలైజేషన్‌తో మూయించుకోవాలి. మైలోమాలో బోన్ స్కాన్ తరచూ ఏమీ చూపదు. స్కాన్ శుభ్రంగా ఉందని దాన్ని కొట్టేయకండి.

పీలేరు_ఎంఓ:
విరగకముందే రాడ్ వేయాలా, రేడియేషన్ చాలా అన్నది ఎలా తేలుస్తారు?

చిత్తూరు_ఆర్థో:
1989 నాటి మిరెల్స్ స్కోరు. నాలుగు విషయాలు, ఒక్కోదానికి 1 నుంచి 3. చోటు: చేయి 1, కాలు 2, తుంటి ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగపు గుబ్బ) చుట్టూ 3. నొప్పి: కొద్దిగా, మధ్యస్తం, బరువు వేస్తే వచ్చేది. మచ్చ: తెల్లగా గట్టిపడింది, కలిసినది, కరిగినది. పరిమాణం: ఎముక మందంలో మూడో వంతులోపు, మూడింట రెండు వంతుల దాకా, ఆపైన. 9 దాటినా, 9 వచ్చినా ముందే రాడ్. 7, ఆలోపు అయితే రేడియేషన్. 8 దగ్గర మనిషిని చూసి నిర్ణయం. నాలుగింటిలో నేను ఎక్కువ పట్టించుకునేది నొప్పి. అడుగు వేస్తే వచ్చే నొప్పి ఎముక చెప్పే హెచ్చరిక. నొప్పికి రేడియేషన్ అంటే రోజుల తరబడి తిరుపతిలో ఉండక్కర్లేదు, చాలామందికి 8 గ్రే ఒక్క డోసు అయిదు, పది రోజుల కోర్సంత పనిచేస్తుంది. మళ్లీ ఇవ్వాల్సి రావడం కాస్త ఎక్కువ, అంతే.

పాథాలజీ_టేబుల్:
ఎవరు వేసినా సరే, మా దగ్గరికి వచ్చే ముక్క గురించి చెప్పాలి. ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్న సూదితో కణాలు పీల్చడం) కాదు, కోర్. ఒక్కటి కాదు, నాలుగైదు. గడ్డ మధ్యలో కుళ్లిన భాగం నుంచి తీస్తే చచ్చిన కణాలే వస్తాయి. ఎముక బయటికి వచ్చిన మెత్తని అంచు నుంచి తీయండి. 10 శాతం ఫార్మలిన్, ముక్కకు పదింతలు. సెలైన్‌లో వేసి రాత్రంతా ఉంచిన ముక్క చదవడానికి పనికిరాదు. ఒక కోర్ ఫార్మలిన్ తగలకుండా కల్చర్‌కు, జీన్‌ఎక్స్‌పర్ట్‌కు (టీబీ పరీక్ష) వేరుగా పెట్టండి. యూయింగ్‌లో జ్వరం, ఈఎస్‌ఆర్ పెరిగి అచ్చం చీములా ఉంటుంది. చీమనుకుని తెరిచినా ముక్క మాకు పంపండి, గడ్డనుకుని తెరిచినా కల్చర్ పంపండి.

గట్టి ముక్కను త్వరగా మెత్తబరచాలని ఘాటు యాసిడ్‌లో వేస్తే జన్యు పరీక్షకు ఏమీ మిగలదు. నెమ్మదైనా ఈడీటీఏ అనే రసాయనం మేలు, మెత్తని ముక్కలను అసలు డీకాల్సిఫై (కాల్షియం కరిగించడం) చేయకుండా విడిగా బ్లాక్ చేయాలి. ఫారంలో "ఎముక ముక్క" అని మాత్రం రాసి పంపితే నేను రిపోర్టు రాయను. వయసు, చోటు, ఎక్స్‌రే వివరం లేనిదే స్లైడు ఒక్కటీ చూసి ఎముక గడ్డకు పేరు పెట్టడం ప్రమాదం. విరిగి అతుక్కుంటున్న ఎముక కూడా స్లైడు మీద ఆస్టియోసార్కోమాలా కనబడగలదు.

మెడికల్_ఆంకాలజీ:
ఆలస్యం సంగతి. చిత్తూరు సార్ భయపడేది నెలల ఆలస్యం. ట్యూమర్ సర్జన్ అడిగేది వారం, పది రోజులు. రెండూ ఒకటి కాదు. ఆస్టియోసార్కోమాలో కాలు తీసేయడం ఒక్కటే చికిత్సగా ఉన్న రోజుల్లో అయిదుగురిలో ఒకరు కూడా బతికేవారు కాదు. కీమో వచ్చాక, జబ్బు ఇంకా పాకనివాళ్లలో 60–70 శాతం నిలుస్తున్నారు. ఆ కీమో మొదలవడానికి ఛాతీ సీటీ, ఎకో, వినికిడి పరీక్ష, కిడ్నీ పరీక్షలు, ఏఎల్‌పీ, ఎల్‌డీహెచ్ అనే రక్త పరీక్షలు ఎలాగూ కావాలి. మగపిల్లాడైతే వీర్యం భద్రపరిచే మాట మొదటి డోసు ముందే ఎత్తాలి, తర్వాత ఎత్తి ప్రయోజనం లేదు. బయాప్సీ కోసం ఎదురుచూసే ఆ పది రోజుల్లో ఇవన్నీ చిత్తూరులోనే ముగించవచ్చు.

చిత్తూరు_ఆర్థో:
అయితే నా మాట ఇలా మారుస్తాను. 40 దాటి, చాలాచోట్ల మచ్చలుంటే ఇక్కడే సూది. 40 లోపు, లేదా ఏ వయసైనా ఒంటరి మచ్చ అయితే ఎంఆర్‌ఐ, ఛాతీ సీటీ, రక్త పరీక్షలు ఇక్కడే, సూది మాత్రం ఆపరేషన్ చేసేవాళ్లు చూపిన చోట. చూపిన చోట అన్నాను, వాళ్ల చేత్తోనే అనలేదు. ఎంఆర్‌ఐ సీడీ చూసి వాళ్లు గీత గీసి పంపితే మన రేడియాలజిస్టు సీటీ కింద ఆ గీత మీదే వేయగలడు.

తిరుపతి_ట్యూమర్_సర్జన్:
కాళ్లు చేతులకు సరే. గుచ్చిన చోట చిన్న పచ్చబొట్టు చుక్క పెట్టండి, కీమో అయిన మూడు నెలలకు ఆ మచ్చ కనబడదు. కటి ఎముకకు, వెన్నుకు, త్రికాస్థికి మాత్రం ఒప్పుకోను. అక్కడ గీత గీసినా లోపల సూది మళ్లే కోణం చెప్పలేం.

చిత్తూరు_ఆర్థో:
కటి ఎముక విషయంలో ఇంకా వాదన ఉంది. తుంటి పైఅంచు గడ్డలకు కోణం కష్టమేమీ కాదు.

పీలేరు_ఎంఓ:
ఇది తేలేదాకా పంపేముందు మేం చేయాల్సింది?

తిరుపతి_ట్యూమర్_సర్జన్:
ఆ కాలు మీద బరువు వేయనివ్వకండి, చేతికర్రలు ఇవ్వండి, స్లాబ్ కట్టండి. మాలిష్, కట్టు వద్దని ఇంట్లో నిర్ణయం తీసుకునే పెద్దాయనకే చెప్పండి, తల్లికి ఒక్కదానికే చెబితే సరిపోదు. పెద్దవాళ్లు మత్తుగా, దాహంగా, మలబద్ధకంతో ఉంటే ఆరోజే రక్తంలో కాల్షియం పెరిగిందేమో చూసి సెలైన్ మొదలుపెట్టండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం ఆగినా వెన్నుపాము నొక్కుకుపోతోందనుకుని డెక్సామెథసోన్ (స్టెరాయిడ్ మందు) ఇచ్చి అదే పూట పంపించండి, ఓపీ రోజు దాకా ఆగొద్దు. ఎక్స్‌రే ఫిల్మ్ అసలుది వాళ్ల చేతికే ఇవ్వండి. ఉత్తరంలో "గడ్డ అనుమానం, బయాప్సీ చేయలేదు" అని రాసి, మీ ఫోన్ నంబరు వేయండి. పంపిన నాలుగో రోజు మీరే ఫోన్ చేసి చేరారో లేదో కనుక్కోండి. సార్ అడిగిన జారిపోయేవాళ్ల ప్రశ్నకు ప్రస్తుతానికి నా దగ్గరున్న జవాబు అదే.